మన మనిషి వాసన ఎందుకంత నచ్చుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

భర్త విడిచిన చొక్కా, భార్య చీర కొంగు, దిండు గలీబుకి పట్టిన తలనూనె వాసన. వీటి గురించి నలుగురిలో ఎవరూ మాట్లాడరు. పేరు చెప్పనక్కర్లేదంటే మాత్రం బోలెడు ప్రశ్నలు వస్తాయి. ఎక్కువగా వచ్చేవి ఇక్కడ ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వాసన నచ్చి మనిషి నచ్చడం కన్నా, మనిషి నచ్చాక వాసన నచ్చడమే ఎక్కువ. జన్యువులు, ఫెరోమోన్లు (ఒక ప్రాణి వదిలితే అదే జాతి ప్రాణిని కదిలించే పదార్థాలు) అంటూ జరిగే ప్రచారంలో నిజమెంతో కూడా చూద్దాం.

ఆయన చొక్కా ఉతికే ముందు ఒకసారి వాసన చూస్తాను. నాలో ఏదైనా తేడా ఉందా?

ఏ తేడా లేదు. చాలామంది చేస్తారు, బయటికి చెప్పుకోరు, అంతే. అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో విద్యార్థులను సరిగ్గా ఇదే అడిగారు. మీ మనిషి దగ్గర లేనప్పుడు వాళ్ళ బట్టలు కావాలని వాసన చూశారా, పక్కన పెట్టుకుని పడుకున్నారా అని. ఆడపిల్లల్లో ఎక్కువమంది అవునన్నారు. మగపిల్లల్లోనూ అలాంటివాళ్ళు తక్కువేం లేరు. కారణం అడిగితే, హాయిగా ఉంటుందనీ ధైర్యంగా ఉంటుందనీ చెప్పారు.

మన ఇళ్ళలో చంటిపిల్లల మాడు మీద ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చని నాయనమ్మ ఉండదు. పురాణాల్లో తండ్రులు కూడా ఇంటికొచ్చిన కొడుకుల శిరస్సు మూర్కొంటూనే ఉంటారు. పిల్లల దగ్గర ముచ్చటగా తోచేది మొగుడి చొక్కా దగ్గరికొచ్చేసరికి సిగ్గుపడే పనైపోయింది.

అసలు ఈ వాసన ఎక్కడి నుంచి వస్తుంది? రోజూ సబ్బుతో స్నానం చేసినా పోదేం?

మన ఒంట్లో చెమట గ్రంథులు ముఖ్యంగా రెండు రకాలు. ఒళ్ళంతా ఉండేవి ఎక్రైన్ గ్రంథులు. వాటి నుంచి వచ్చేది ఉప్పునీళ్ళలాంటి చెమట, ఒంటిని చల్లబరచడానికి. మే నెలలో విజయవాడ బస్టాండులో నిలబడితే వీపు మీద కారేది అదే. దానికి పెద్దగా వాసన ఉండదు. రెండో రకం అపోక్రైన్ గ్రంథులు. ఇవి చంకల్లో, గజ్జల్లో, చనుమొనల చుట్టూ ఉంటాయి. వయసొచ్చేదాకా నిద్రపోయినట్టే ఉండి అప్పుడు పని మొదలుపెడతాయి. చిన్నపిల్లాడు రోజంతా మట్టిలో ఆడి వచ్చినా వాడి దగ్గర పెద్దవాళ్ళ వాసన రాకపోవడానికి కారణం ఇదే.

ఈ రెండో రకం గ్రంథుల నుంచి వచ్చే జిడ్డుకి కూడా బయటికి వచ్చిన వెంటనే వాసన ఉండదు. చర్మం మీద ఉండే బాక్టీరియా, ముఖ్యంగా కోరినిబాక్టీరియం, స్టెఫైలోకాకస్ హొమినిస్ జాతులు, ఆ జిడ్డుని విడగొట్టాకే వాసన పుడుతుంది. అలా తయారయ్యే ఆమ్లాల్లో ఒకదాని వాసన జీలకర్రను గుర్తుచేస్తుంది. గంధకం ఉన్న ఇంకో పదార్థం ఉల్లిపాయలా ఉంటుంది. వీటి పాళ్ళు ఒక్కో మనిషిలో ఒక్కోలా ఉంటాయి. అంటే మీకు నచ్చే ఆ వాసనలో సగం పని మీ ఆయన చేస్తే, మిగతా సగం ఆయన చంకలో కాపురముండే బాక్టీరియా చేస్తోంది. సబ్బు రాస్తే తయారైన వాసన పోతుంది, దాన్ని తయారుచేసేవాళ్ళు పోరు. కొన్ని గంటల్లో మళ్ళీ పని మొదలు.

ఇక్కడో చిన్న విచిత్రం. ఏబీసీసీ11 అనే ఒక జన్యువులో చిన్న మార్పు ఉన్నవాళ్ళకి చంక వాసన దాదాపు రాదు. వాళ్ళ చెవి గులిమి కూడా జిగటగా కాక పొడిపొడిగా ఉంటుంది. కొరియా, చైనా, జపాన్ ప్రజల్లో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. అక్కడ కూడా జనం ప్రేమించుకుంటున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. చంక వాసన లేకపోతే ఆకర్షణే లేదనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఒకే మనిషి వాసన నాకు బాగుంటుంది, మా చెల్లికి అస్సలు పడదు. ఎందుకు?

ముక్కులు ఒకలాంటివి కావు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు ఉన్నాయి. వీటి జన్యు కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ కనిపెట్టారు. 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జన్యువుల్లో మనిషికీ మనిషికీ తేడాలుంటాయి. మగవాళ్ళ చెమటలో ఉండే ఆండ్రోస్టెనోన్ అనే పదార్థమే తీసుకోండి. కొందరికి అది మూత్రం కంపు, కొందరికి వెనిలాలా తియ్యగా, ఇంకొందరికి అసలు ఏ వాసనా ఉండదు. ఈ తేడాలో కొంత ఓఆర్7డీ4 అనే ఒక్క గ్రాహకం వల్లేనని 2007లో తేలింది. కాబట్టి మీ చెల్లెల్ని తప్పుపట్టకండి. ఆమె ముక్కులోకి వెళ్ళే మీ బావగారు వేరు.

వాసన తగలగానే మనిషి ఎదురుగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఫొటో చూస్తే అలా అనిపించదు. కారణం?

కంటికి కనిపించింది, చెవికి వినిపించింది ముందు థాలమస్ అనే కేంద్రానికి వెళ్ళి, అక్కడి నుంచి మెదడులో మిగతా భాగాలకు చేరుతుంది. వాసనకి ఆ మజిలీ లేదు. ముక్కు పైభాగం నుంచి, మెదడులో వాసనలను అందుకునే ఘ్రాణ కందానికి, అక్కడి నుంచి నేరుగా అమిగ్డాలా దగ్గరికి, జ్ఞాపకాలను చూసుకునే హిప్పోకాంపస్ పరిసరాలకి వెళ్ళిపోతుంది. భయం, ఇష్టం లాంటి భావాల్లో అమిగ్డాలాది పెద్ద పాత్ర. అందుకే వాసన పేరు గుర్తుకు రాకముందే గుండె స్పందిస్తుంది. ఇది ఎవరి వాసన అని ఆలోచించేలోపే కళ్ళు చెమర్చిన అనుభవం చాలామందికి ఉంటుంది.

జన్యువులు కలవని వాళ్ళ వాసనే మనకి నచ్చుతుందంటారు. ఆ చొక్కాల ప్రయోగం నిజమేనా?

ప్రయోగం నిజమే. దాని మీద కట్టిన కథే కాస్త పెద్దదైపోయింది.

1995లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో క్లాస్ వెడెకిండ్ అనే జీవశాస్త్రవేత్త 44 మంది కుర్రాళ్ళకి నూలు టీషర్టులిచ్చి రెండు రాత్రులు వేసుకుని పడుకోమన్నాడు. సెంట్లు, వాసన సబ్బులు వద్దన్నాడు. ఆ చొక్కాలను పెట్టెల్లో పెట్టి 49 మంది అమ్మాయిలకి ఇచ్చి, ఏ వాసన ఎంత బాగుందో మార్కులు వేయమన్నాడు. అందరికీ ముందే రక్త పరీక్ష చేసి హెచ్‌ఎల్‌ఏ రకం తెలుసుకున్నాడు. హెచ్‌ఎల్‌ఏ అంటే కొత్తదేమీ కాదు. కిడ్నీ మార్పిడికి ముందు దాతకీ రోగికీ మ్యాచ్ అయిందా లేదా అని చూసేది దీన్నే. ఏది మన కణం, ఏది బయటిది అని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేది వీటితోనే. తల్లిదండ్రుల హెచ్‌ఎల్‌ఏ వేరువేరుగా ఉంటే పిల్లలకి రకరకాల జబ్బులను తట్టుకునే శక్తి వస్తుందని ఒక వాదన. ఎలుకలు జోడీని ఎంచుకునేటప్పుడు ఇలాంటి తేడాను వాసనతో పసిగడతాయని 1976లోనే అమెరికాలో గమనించారు.

బెర్న్‌లో వచ్చిన ఫలితం ఇది: అమ్మాయిలు తమతో హెచ్‌ఎల్‌ఏ కలవని అబ్బాయిల చొక్కాలకి ఎక్కువ మార్కులు వేశారు. ఆ వాసనలు తమ ప్రస్తుత ప్రియుడినో, పాత ప్రియుడినో గుర్తుచేశాయని కూడా చెప్పారు. గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిల్లో మాత్రం ఇది తలకిందులైంది. పత్రికలకి ఇంతకన్నా ఏం కావాలి? మాత్ర వేసుకుంటే తప్పు మొగుణ్ణి ఎంచుకుంటారంటూ శీర్షికలు వచ్చేశాయి.

ఆ తర్వాత జరిగింది అంతగా ప్రచారం కాలేదు. అమెరికాలో హటరైట్లు అనే ఒక చిన్న క్రైస్తవ సమాజంలో భార్యాభర్తల హెచ్‌ఎల్‌ఏ మామూలుగా కలవాల్సిన దానికన్నా తక్కువగా కలుస్తోందని 1997లో కెరొల్ ఓబర్ బృందం చూపించింది. అదే ఏడాది దక్షిణ అమెరికా ఆదివాసీ తెగల్లో చూస్తే అలాంటిదేమీ కనిపించలేదు. 2008లో బ్రిటన్‌లో ఇంకా జాగ్రత్తగా చేసిన ప్రయోగంలో, కలవని వాళ్ళ వాసనే మేలన్న మొగ్గు మొత్తం మీద కనబడలేదు. మాత్రలు మొదలుపెట్టాక అమ్మాయిల ఇష్టం కాస్త అటూ ఇటూ అయిన మాట మాత్రం అందులోనూ ఉంది. చివరికి 2020లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే, మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏకీ వాసన ఇష్టానికీ నమ్మదగ్గ సంబంధమేదీ తేలలేదు.

నిన్నమొన్నటిదాకా జాతకం కలవలేదని తిరగగొట్టిన సంబంధాలు చూశాం. ఇప్పుడు జన్యువులు కలిశాయా లేదా చూస్తామని డబ్బులు తీసుకునే సంస్థలు విదేశాల్లో వచ్చాయి. రెండింటి మీదా నాకున్న నమ్మకం ఒక్కటే.

అలాగైతే మేనరికం చేసుకున్నవాళ్ళ సంగతేంటి? వాళ్ళ వాసన ఒకళ్ళకొకళ్ళకి నచ్చకూడదు కదా?

చాలా మంచి ప్రశ్న. యూరప్‌లో చేసిన ప్రయోగాలకి తట్టని ప్రశ్న. మేనత్త, మేనమామ పిల్లల మధ్య సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామనే చేసుకుంటే నాలుగో వంతు. ముక్కే పెళ్ళి కుదిర్చేదైతే మన తెలుగు నేల మీద తరతరాలుగా ఈ కాపురాలు నిలబడే వీలే లేదు. నిలబడ్డాయి, ఇష్టంగానూ ఉన్నాయి. 'బావా' అన్న పిలుపు చుట్టూ ఎన్ని సరసాలు అల్లుకున్నామో తెలిసిందే.

జన్యువుల కన్నా కలిసి పెరగడానికే ఎక్కువ ప్రభావం ఉన్నట్టుంది. ఫిన్లాండ్‌కి చెందిన ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లో ఒక మాట అన్నాడు: పసితనం నుంచి ఒకే చోట పెరిగినవాళ్ళ మధ్య, రక్తసంబంధం ఉన్నా లేకపోయినా, ఆకర్షణ పుట్టదని. ఇజ్రాయెల్‌లోని కిబ్బుట్జ్ అనే సమష్టి గ్రామాల్లో అందరి పిల్లల్నీ ఒకే చోట పెంచేవాళ్ళు. అలా పసితనం నుంచి కలిసి పెరిగినవాళ్ళు ఒకరినొకరు చేసుకున్న పెళ్ళిళ్ళు దాదాపు కనిపించవు. తైవాన్‌లో పూర్వం కాబోయే కోడల్ని పసిపిల్లగా ఉండగానే తెచ్చుకుని కొడుకుతోపాటు పెంచే ఆచారం ఉండేది. ఆ జంటలకి పిల్లలు తక్కువ, విడాకులు ఎక్కువ అని ఆర్థర్ వుల్ఫ్ అనే మానవశాస్త్రవేత్త చూపించాడు. మన బావామరదళ్ళు ఎక్కువగా వేరువేరు ఇళ్ళలో పెరిగి, వేసవి సెలవుల్లోనో పెళ్ళిళ్ళలోనో కలుస్తారు. ఆ దూరమే వాళ్ళకి కలిసొచ్చిందేమో.

ఇంకో మాట కూడా చెప్పాలి. మేనరికంలో పుట్టే పిల్లలకి జన్యు జబ్బుల ముప్పు కొంత ఎక్కువ. అది తేల్చాల్సింది జన్యు పరీక్షలు, డాక్టర్ సలహా. ముక్కు చెప్పలేదు.

ఆన్‌లైన్‌లో 'ఫెరోమోన్ పెర్ఫ్యూమ్' అమ్ముతున్నారు. కొనొచ్చా?

వాసన నచ్చితే కొనండి. ఫెరోమోన్ కోసం వద్దు.

ఫెరోమోన్ అనే మాట 1959లో పుట్టింది. జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ ఐదు లక్షల పట్టు చిలకల (పట్టుపురుగుకి రెక్కలొచ్చాక ఉండే రూపం) నుంచి మొట్టమొదటి ఫెరోమోన్‌ని అదే ఏడాది వేరుచేశాడు. దాని పేరు బాంబికాల్. హిందూపురం, మదనపల్లె వైపు మల్బరీ రైతులు పెంచేది ఈ జాతి పట్టుపురుగునే. ఆడ చిలక ఈ పదార్థాన్ని వదిలితే మగ చిలక రెక్కలు కొట్టుకుంటూ దాని వైపు పోతుంది. దానికి వేరే దారి లేదు.

మనుషుల్లో అలాంటి పదార్థం ఒక్కటి కూడా ఇంతవరకు నిరూపణ కాలేదు. జంతువుల్లో ఇలాంటి సంకేతాలను పట్టే వొమెరోనేసల్ అవయవం మనలో పేరుకే మిగిలింది. దానికి అవసరమైన ఒక ముఖ్య జన్యువు కూడా మనలో పనిచేయదు. ఆండ్రోస్టాడియెనోన్, ఎస్ట్రాటెట్రెనాల్ అంటూ సీసాల మీద రాసేవి మనుషుల ఫెరోమోన్లని చెప్పడానికి సరైన ఆధారం లేదని ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త ట్రిస్ట్రమ్ వయట్ 2015లో గట్టిగా రాశాడు.

పెళ్ళిచూపుల్లో ఇవేవీ తెలియవు కదా. పెళ్ళయ్యాక వాసన పడకపోతే?

నిజమే. పెళ్ళిచూపుల గదిలో ఉండేది కాఫీ వాసన, కొత్త చీర వాసన, అగరబత్తి వాసన. ఎవరి అసలు వాసన వాళ్ళకి తెలిసేది తర్వాతే. కొత్తలో ఎదుటివాళ్ళ వాసన కొత్తగా ఉందంటే పడలేదని అర్థం కాదు. ఎక్కువసార్లు తగిలిన వాసన అలవాటవుతుంది. మంచి క్షణాల్లో తగిలిందైతే ఇష్టమవుతుంది. నా దృష్టిలో దాంపత్యంలో వాసన ఇష్టం చాలామట్టుకు ఇలాగే తయారవుతుంది. రాత్రి ఆలస్యంగా వచ్చి పక్కన పడుకున్న మనిషి, జ్వరం వచ్చినప్పుడు నుదురు మీద పెట్టిన చెయ్యి, స్కూటర్ వెనక కూర్చున్నప్పుడు ముక్కుకి తగిలిన వీపు. ఇవన్నీ వాసనతో ముడిపడి మెదడులో చేరతాయి.

దీనికి ఊతమిచ్చే చిన్న ప్రయోగం ఒకటుంది. మాంట్రియల్‌లో 2009లో 20 మంది అమ్మాయిలకి ప్రియుడి చెమట వాసన, స్నేహితుల చెమట వాసన ఇచ్చి గుర్తుపట్టమన్నారు. ప్రేమలో ఎంత లోతుగా మునిగి ఉంటే, మగ స్నేహితుడి వాసనను గుర్తుపట్టడం అంత తగ్గింది. ప్రియుడి వాసనను గుర్తుపట్టే శక్తి పెరగలేదు. ముక్కు చురుకెక్కలేదు, పక్కవాళ్ళని పట్టించుకోవడం మానేసిందంతే.

ఇక అలవాటు కావాల్సిన వాసన వేరు, శుభ్రత లేకపోవడం వేరు. ఉతకని సాక్సులు, పాచి నోరు, గుట్కా వాసన మూడు నెలలు భరించినా ప్రేమగా మారవు. వీటి గురించి నోరు తెరిచి చెప్పాల్సిందే. అత్తగారి ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. "మీరు స్నానం చేసి వస్తే నాకెంత ఇష్టమో" అంటే "మీ దగ్గర కంపు" అన్నదానికన్నా పని త్వరగా అవుతుంది.

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. వెళ్ళేటప్పుడు వేసుకున్న టీషర్టు పక్కన పెట్టుకుంటే నిద్ర పడుతుంది. ఇది నా భ్రమేనా?

కేవలం భ్రమ కాదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఇది కొత్త సంగతేం కాదు. చాన్నాళ్ళ తర్వాత దీన్ని ల్యాబులో కూడా చూశారు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో మార్లీస్ హోఫర్ బృందం 2018లో 96 జంటలతో ఒక ప్రయోగం చేసింది. మగవాళ్ళు 24 గంటలు ఒకే టీషర్టు వేసుకున్నారు. డియోడరెంట్ లేదు, సిగరెట్ లేదు. ఆడవాళ్ళలో కొందరికి తమ మనిషి చొక్కా, కొందరికి ముక్కూ మొహం తెలియని మనిషి చొక్కా, కొందరికి ఎవరూ వేసుకోని చొక్కా వాసన చూపించారు. తర్వాత వాళ్ళని ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి, నోటి లెక్కలు చేయించి బాగా టెన్షన్ పెట్టారు. తమ మనిషి చొక్కా వాసన చూసినవాళ్ళకి ముందూ వెనకా టెన్షన్ తక్కువగా అనిపించింది. అది తమ మనిషిదేనని పోల్చుకున్నవాళ్ళలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా తగ్గింది. తెలియని మగవాడి వాసన చూసినవాళ్ళలో మాత్రం కార్టిసాల్ పెరిగింది. బస్సులో పక్కన కూర్చున్న అపరిచితుడి వాసనకి ఒళ్ళు ఎందుకు బిగుసుకుంటుందో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అదే బృందం 2020లో నిద్ర మీద చూసింది. 155 మంది రెండు రాత్రులు తమ మనిషి టీషర్టు తొడిగిన దిండుతో, రెండు రాత్రులు ఆ వాసన లేనిదానితో పడుకున్నారు. చేతికి కట్టిన పరికరం లెక్క ప్రకారం తమ మనిషి వాసన ఉన్న రాత్రుల్లో సగటున తొమ్మిది నిమిషాలకు పైగా ఎక్కువ నిద్రపోయారు. తొమ్మిది నిమిషాలేగా అనకండి. నిద్ర కోసం వేసుకునే మెలటోనిన్ మాత్రతో వచ్చే లాభం కూడా దాదాపు ఇంతేనని ఆ పరిశోధకులు పోల్చారు. ఆడా మగా అందరికీ ఇది వర్తించింది కాబట్టి, మీ చున్నీ ఒకటి ఆయన సూట్‌కేసులో పెట్టి పంపండి.

మల్లెపూలు, సెంటు, అత్తరు ఒంటి వాసనని కప్పేస్తాయి కదా?

కప్పేస్తాయనే అనుకునేవాళ్ళు. కానీ ప్రాగ్‌లో 2012లో జరిగిన ఒక ప్రయోగంలో వేరే సంగతి తేలింది. మనుషులు తమకి తాముగా ఎంచుకున్న సెంటు వాళ్ళ చెమటతో కలిసినప్పుడు, ఎవరో ఇచ్చిన సెంటు కలిసినప్పటికన్నా బాగుందని వాసన చూసినవాళ్ళు చెప్పారు. విడిగా చూస్తే ఆ సెంట్లలో ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు. మన ఒంటికి నప్పే సెంటుని మనకి తెలియకుండానే మనం ఎంచుకుంటామన్నమాట. చార్మినార్ దగ్గర అత్తరు కొనేటప్పుడు ముంజేతి మీద రాసి కాసేపు ఆగి వాసన చూడమంటారు, సీసా మూత దగ్గర చూసి తేల్చుకోవద్దంటారు. భర్త పుట్టినరోజుకి ఆయన్ని అడక్కుండా సెంటు కొనేవాళ్ళకి ఇదో హెచ్చరిక.

మల్లెది ఇంకో కథ. మల్లె జాతి పూల పరిమళంలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. అదే పదార్థం ఎక్కువైతే మలం కంపు కొడుతుంది. అతి తక్కువ పాళ్ళలో పూలకి ఆ మత్తు, ఆ బరువు ఇస్తుంది. ఒంటి వాసన లాంటిదేదో మల్లెలో ఉందనిపించడానికి అదీ ఒక కారణమని నా ఊహ. ఇక శోభనం గదికీ మల్లెకీ పెట్టిన ముడి ఇన్ని తరాలుగా మన ముక్కుల్లో ఉంది. ఆ ముడి లేని దేశంలో మల్లెపూలు వేసిన టీ తాగుతారు.

వాసనతో మనసు పోగొట్టుకున్నవాళ్ళ లెక్కలో శంతనుడు మొదటివాడు. మహాభారతంలో యమున ఒడ్డున తిరుగుతుంటే ఎక్కడిదో తెలియని పరిమళం తగులుతుంది. దాన్ని వెతుక్కుంటూ పోయి సత్యవతిని చూస్తాడు. అందరూ చెప్పుకునేది ఇక్కడిదాకానే. ఆ పరిమళం ఆమెకి పరాశరుడు ఇచ్చిన వరం. ఆమె ఇంకా మత్స్యగంధిగా, చేపల వాసనతో పడవ నడుపుతున్నప్పుడే పరాశరుడు ఆమెను కోరుకున్నాడు. ఇద్దరిలో ఎవరి ముక్కు మనలాంటివాళ్ళకి దగ్గరో మీరే చెప్పండి.

తిండితో ఒంటి వాసన మారుతుందా?

మారుతుంది. చెక్ దేశంలో 2006లో 17 మంది మగవాళ్ళతో రెండు వారాలు మాంసం తినిపించి, ఇంకో రెండు వారాలు మాన్పించి చూస్తే, మాంసం మానేసినప్పటి చంక వాసనే మెరుగని ఆడవాళ్ళు చెప్పారు. వెల్లుల్లి విషయంలో 2016లో అక్కడే వచ్చిన ఫలితం మాత్రం నవ్వు తెప్పించేది: వెల్లుల్లి బాగా తిన్నవాళ్ళ చంక వాసన ఇంకా బాగుందట! ఇది చంక మాటే, నోటి మాట కాదు. వెల్లుల్లి కారం తిని ముద్దుకి వెళ్ళేవాళ్ళు తేడా గమనించగలరు. రెండూ చిన్న ప్రయోగాలే, వీటిని నమ్ముకుని ఆదివారం కోడికూర మానేయక్కర్లేదు.

మూడో నెల. ఇన్నాళ్ళూ ఇష్టమైన ఆయన వాసనే ఇప్పుడు డోకు తెప్పిస్తోంది. భయంగా ఉంది.

వేవిళ్ళ రోజుల్లో ఇది చాలా మామూలు. పోపు వాసన, కాఫీ వాసన, ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే వాసన, వాటితోపాటు ఆయన. చాలామందికి నాలుగో నెల దాటేసరికి తగ్గిపోతుంది. ఆయనకి మాత్రం చెప్పండి, చెప్పకుండా పక్కకి జరిగితే వేరేగా అనుకుంటారు. కొన్నాళ్ళు సెంటు, ఆఫ్టర్‌షేవ్ మానేయమనండి. అన్నం నీళ్ళు కూడా నిలవకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

కోవిడ్ తర్వాత నా భార్య వాసన మాడిపోయినట్టు, కుళ్ళినట్టు ఉంటోంది. తనకి ఎలా చెప్పాలి?

ఇది పరోస్మియా. దెబ్బతిన్న ఘ్రాణ కణాలు మళ్ళీ పెరిగేటప్పుడు సంకేతాలు గజిబిజి అవుతాయి. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, వేయించిన మాంసం, మనుషుల ఒంటి వాసన లాంటివే ఎక్కువగా చెడిపోయి తోస్తాయి. ఆమె వాసన మారలేదు, మీ ముక్కు మారింది. ఈ మాటే ఆమెకి చెప్పండి. చెప్పకపోతే ఆమె రోజుకి మూడుసార్లు స్నానం చేసి కుమిలిపోయే ప్రమాదం ఉంది.

ముక్కుకి సాధన చేయించొచ్చు. జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో పరీక్షించిన పద్ధతి ఇది: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. ఈ నాలుగింటినీ రోజుకి రెండుసార్లు, ఒక్కొక్కటీ కొన్ని సెకన్లు, మనసు పెట్టి వాసన చూడాలి. కనీసం 12 వారాలు. నాలుగూ కిరాణా కొట్లో, మందుల షాపులో దొరికేవే.

పుట్టుకతోనే వాసన తెలియనివాళ్ళ మీద జర్మనీలో 2013లో వచ్చిన అధ్యయనం ఒకటి గుర్తొస్తోంది. వాళ్ళలో మగవాళ్ళకి జీవితంలో ఏర్పడిన శారీరక సంబంధాలు మిగతావాళ్ళకన్నా తక్కువ. ఆడవాళ్ళకి తమ మనిషి దగ్గర భద్రతగా ఉన్నామన్న భావన తక్కువ. ముక్కు లేకపోయినా కాపురం సాగుతుంది, కానీ ఏదో ఒక ఆసరా తగ్గుతుంది. మీకిప్పుడు వెలితిగా అనిపిస్తుంటే అది మీ మనసు బలహీనత కాదు.

ఆయన వాసన ఈమధ్య మారినట్టుంది. పట్టించుకోవాలా?

కొత్త సబ్బు, కొత్త మందు, తిండి, వయసు... వీటిలో ఏదైనా కావచ్చు. కానీ కారణం కనిపించకుండా మారి, అలాగే ఉండిపోతే తేలిగ్గా తీసిపారేయకండి. ఎందుకంటే జాయ్ మిల్న్ కథ ఉంది.

ఆమె స్కాట్లాండ్‌లోని పెర్త్‌లో నర్సుగా చేశారు. భర్త లెస్ మత్తు డాక్టర్. ఆయన ముప్ఫైల్లో ఉండగా ఒంటి నుంచి ఏదో కస్తూరి లాంటి కొత్త వాసన రావడం ఆమె గమనించారు. సరిగ్గా స్నానం చేయడం లేదని గొడవ కూడా పడ్డారు. 45 ఏళ్ళ వయసులో ఆయనకి పార్కిన్సన్స్ (వణుకు తెచ్చే నరాల జబ్బు) అని తేలింది. ఏళ్ళ తర్వాత పార్కిన్సన్స్ రోగుల సమావేశానికి వెళితే ఆ గదిలో అదే వాసన! ఎడిన్‌బరా యూనివర్సిటీ శాస్త్రవేత్త టిలో కునాథ్‌కి ఆమె ఆ మాట చెప్పారు. రోగులవి ఆరు, జబ్బు లేనివాళ్ళవి ఆరు టీషర్టులు ఇచ్చి చూడమన్నారు. ఆమె ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గా చెప్పారు. ఆ ఒక్కటీ జబ్బు లేని మనిషిది, ఆమె మాత్రం ఉందన్నారు. ఎనిమిది నెలల్లో ఆ మనిషికీ పార్కిన్సన్స్ బయటపడింది. మాంచెస్టర్‌లో పర్డిటా బారన్ బృందం ఇప్పుడు వీపు మీది జిడ్డు నుంచి ఈ జబ్బుని ముందే పట్టే పరీక్ష కోసం పనిచేస్తోంది. దీనికంతటికీ మొదలు, మొగుడి వాసన బాగా తెలిసిన ఒక భార్య ముక్కు.

అందరి ముక్కూ జాయ్ ముక్కు కాదు. అయినా ఇంట్లో వాళ్ళు పట్టగలిగేవి కొన్నున్నాయి. షుగరున్న మనిషి ఊపిరిలో గోళ్ళ రంగు తుడిచే మందు లాంటి వాసన, పండిన పళ్ళ వాసన వస్తే, దానికి తోడు వాంతులు, ఆయాసం, మగత ఉంటే అది కీటోఅసిడోసిస్ అనే ప్రమాదకరమైన స్థితి కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరిలో అమ్మోనియా వాసన కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళలో కనిపిస్తుంది.

చొక్కా దాచుకుంటే వాసన ఎన్నాళ్ళుంటుంది?

బయట పెడితే కొద్దిరోజుల్లో పలచబడుతుంది, మన వానాకాలం తేమలో బాక్టీరియా పెరిగి చెడిపోతుంది కూడా. ల్యాబుల్లో వాడే పద్ధతి మాత్రం సులువే. గాలి చొరబడని జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచుతారు. ఆరు నెలలు గడ్డకట్టించి తీసినా చంక వాసన మీద పడే మార్కులు పెద్దగా మారలేదని 2009లో ప్రాగ్ బృందమే చూసింది. నూలు బట్ట అయితే మేలు. కవరు మీద పేరు రాసి పెట్టండి, లేకపోతే ఎవరైనా చేపముక్కలనుకుని బయటికి తీస్తారు.